సాయంత్రం ఆరింటికి తెలుగు పాఠం

పొద్దున్నే పుస్తకం తీశారు. రెండు పేజీలు అయ్యేసరికి ఫోన్ మోగింది. నోటిఫికేషన్ వాయిదా పడిందంటూ గ్రూపులో మెసేజ్. అది నిజమో కాదో తేల్చుకునేసరికి అరగంట గడిచిపోయింది. మళ్లీ కూర్చున్నారు. ఇంతలో గ్యాస్ బండ వచ్చింది, లోపల పెట్టించాలి. మధ్యాహ్నం బాబాయి ఫోన్ చేసి ఉద్యోగం సంగతి ఏమైందని అడిగారు. సాయంత్రం చూసుకుంటే పొద్దున తెరిచిన పేజీ దగ్గరే ఉన్నారు. రాత్రి పడుకునే ముందు ఒకటే ఆలోచన... అసలు ఇది నా వల్ల అవుతుందా?

ఇలాంటి రోజులు వరసగా నాలుగు వస్తే చాలు, సమయంతో పాటు ఆశ కూడా కరిగిపోతుంది. అందుకే ఇవాళ ఒక మనిషి కథ చెప్పుకుందాం. ఆయనకు కాలేజీ చదువు లేదు. కుటుంబంలో మామూలు మనుషులు తట్టుకోలేనంత కష్టం. నమ్ముకున్న పనిలో ఏడేళ్లపాటు చూపించుకోవడానికి ఫలితం లేదు. అయినా 41 ఏళ్లు ఆ పనిని వదల్లేదు. ఆయన పేరు విలియం కేరీ. మన తెలుగుతోనూ ఆయనకు సంబంధం ఉంది. అదేంటో ముందుకెళ్తే తెలుస్తుంది.

చెప్పుల దుకాణంలో ప్రపంచ పటం

కేరీ 1761 ఆగస్టు 17న ఇంగ్లండ్‌లోని నార్తాంప్టన్‌షైర్‌లో, పాలర్స్‌పురి అనే పల్లెటూళ్లో పుట్టాడు. తండ్రి మగ్గం నేసేవాడు. తర్వాత ఊళ్లోనే బడిపంతులయ్యాడు. కుర్రాడికి ఎండ పడేది కాదు, చర్మం మండిపోయేది. పొలం పనికి లాభం లేదని పద్నాలుగేళ్ల వయసులో బూట్లు కుట్టే పని నేర్చుకోమని పంపారు.

అక్కడ ఒక చేతిలో తోలు, మరో చేతిలో పుస్తకం. లాటిన్, గ్రీకు, హీబ్రూ ఒక్కోటీ పట్టాడు. చాలావరకు సొంతంగానే నేర్చుకున్నాడు. కెప్టెన్ కుక్ సముద్రయానాల పుస్తకం చదివాక దూరదేశాల మీద ధ్యాస పడింది. ప్రపంచ పటం చేతితో గీసి గోడకు తగిలించుకున్నాడు. ఏ దేశంలో ఎంతమంది ఉంటారు, ఏం నమ్ముతారు, తెలిసిన వివరాలన్నీ దాని మీద రాసుకున్నాడు. కుట్టుపని మధ్యలో తలెత్తితే ఎదురుగా ఆ పటమే.

క్రైస్తవంలో ‘పిలుపు’ అనే మాట ఒకటుంది. దేవుడు తనకంటూ ఒక పని అప్పగించాడని మనిషి నమ్మి, బతుకంతా దానికి కట్టుబడటం. క్రీస్తు సందేశాన్ని అన్ని దేశాలకూ, వాళ్ల భాషల్లోనే చేర్చాలి... కేరీకి అందిన పిలుపు ఇది. ఆ లక్ష్యంతో మీరు ఏకీభవించొచ్చు, లేకపోవచ్చు. కానీ ఆయన దాన్ని ఎలా పట్టుకుని నిలబడ్డారన్నది మాత్రం ఎవరికైనా పనికొచ్చే పాఠమే.

మౌల్టన్ అనే ఊళ్లో కేరీ బడి నడిపారు, చర్చిలో బోధించారు. ఆ రెంటితో ఇల్లు గడవక బూట్లూ కుట్టారు. 1792లో తన ఆలోచనలన్నీ ఒక చిన్న పుస్తకంగా అచ్చు వేయించారు. అదే ఏడాది అక్టోబరు 2న కెట్టరింగ్‌లో కొద్దిమంది మిత్రులతో కలిసి మిషనరీ సంఘం పెట్టారు. ఆ రోజు ఇస్తామని రాసిచ్చిన చందాలన్నీ కలిపితే 13 పౌండ్ల 2 షిల్లింగుల 6 పెన్నీలు. ప్రపంచమంతా తిరగాలన్న ఆశకు మూలధనం అంతే!

ఓడ నుంచి దించేశారు

1793లో కేరీ భారతదేశానికి బయల్దేరారు. ఆ రోజుల్లో ఈస్టిండియా కంపెనీ లైసెన్సు లేకుండా ఇక్కడికి రావడానికి వీల్లేదు. మిషనరీలకు కంపెనీ లైసెన్సు ఇచ్చేది కాదు. ఎక్కిన ఓడ కదలకముందే ఆయన్నూ, వెంట ఉన్న డాక్టర్ జాన్ థామస్‌నూ దింపేశారు. సామాను ఒడ్డున, ప్రయాణం గాల్లో.

మీరైతే ఏం చేస్తారు? ఇంటికెళ్లి ఓ నెల దిగులుపడొచ్చు. కేరీ ఇంటికే వెళ్లారు, కానీ అక్కడ ఇంకో తలుపు తెరుచుకుంది. భార్య డొరోతీ అప్పటిదాకా రానని గట్టిగా చెప్పింది. ఒళ్లో పసిబిడ్డ ఉన్న తల్లి, అంతదూరం ఎలా వస్తుంది? ఈసారి చెల్లెలు తోడు వస్తే వస్తానంది. ఇంటిల్లిపాదీ జూన్ 13న డెన్మార్క్ దేశపు ఓడ ఎక్కారు. దాదాపు ఐదు నెలల ప్రయాణం తర్వాత నవంబరులో కలకత్తా చేరారు.

చేరాక అసలు కథ మొదలైంది. తెచ్చుకున్న డబ్బు కొద్ది వారాల్లోనే అయిపోయింది. ఇంట్లో రోగాలు. భాష రాదు. కొన్నాళ్లు సుందర్‌బన్స్ అడవుల పక్కన నేల బాగుచేసుకుని బతుకుదామని చూశారు. అప్పుడే ఒక ఉద్యోగం వచ్చింది. ఉత్తర బెంగాల్‌లోని మదనాబతిలో నీలిమందు ఫ్యాక్టరీకి మేనేజర్.

ఉద్యోగం అడ్డమా, ఆసరానా?

ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. ఈ ప్రశ్న మీలో చాలామందిది. అనుకున్నది ఒకటి, దొరికిన ఉద్యోగం ఇంకొకటి. చేరితే లక్ష్యం పక్కకు పోతుందేమోనని భయం. చేరకపోతే ఇంట్లో గడవదు.

కేరీ చేరిపోయారు. చేరాక ఆ ఉద్యోగం ఏడాది పొడవునా ఎలా ఉంటుందో చూసుకున్నారు. నీలిమందు పని ఏడాదిలో దాదాపు మూడు నెలలే ఊపిరాడకుండా ఉంటుంది. మిగతా కాలంలో వెసులుబాటు ఉంటుంది. ఆ నెలల్ని బెంగాలీ నేర్చుకోవడానికి, బైబిల్ అనువాదానికి, చుట్టుపక్కల పల్లెలు తిరగడానికి కేటాయించుకున్నారు. పిల్లలకు బడి కూడా పెట్టారు. జీతం వస్తోంది కాబట్టి ఇక తనకు డబ్బు పంపొద్దని ఇంగ్లండ్‌లోని సంఘానికి ఉత్తరం రాశారు.

వాళ్లు మెచ్చుకోవాలి కదా? వ్యాపారంలో పడి వచ్చిన పని మర్చిపోవద్దని హెచ్చరిస్తూ జవాబొచ్చింది! కేరీ నొచ్చుకున్నారు. కానీ జవాబు ఉత్తరాలతోనే కాలం గడపలేదు. సంపాదనలో తన ఇంటికి అవసరమైనంత పోగా మిగిలింది ఈ పనికే పెడుతున్నానని వివరించి మళ్లీ అనువాదం ముందు కూర్చున్నారు. దూరంగా ఉన్నవాళ్లకు మన రోజు ఎలా గడుస్తోందో తెలియదు. ఒకసారి చెప్పి చూడాలి. రోజూ రుజువు చేసుకుంటూ కూర్చోనక్కర్లేదు.

ఏడేళ్ల ఎదురుచూపు

1794లో ఐదేళ్ల కొడుకు పీటర్ విరేచనాల జబ్బుతో చనిపోయాడు. ఆ దెబ్బ నుంచి డొరోతీ కోలుకోలేదు. మెల్లగా మతి చలించింది. లేనిపోని అనుమానాలు, కేకలు. పక్క గదిలో ఆమె అరుస్తుంటే ఈ గదిలో కేరీ అనువాదం చేసుకున్న రోజులు ఉన్నాయి. 1807లో ఆమె చనిపోయేదాకా ఇంచుమించు ఇదే పరిస్థితి.

ఇటు బయట? ఏళ్లు గడుస్తున్నా ఒక్క బెంగాలీ కూడా ఆయన బోధ విని క్రైస్తవుడు కాలేదు. మీ భాషలో చెప్పాలంటే ఏడేళ్లు మెరిట్ లిస్టులో పేరు లేదు.

ఆయన కూడా మనిషే. దిగులుపడ్డారు. ఒంటరితనం గురించి, తన బద్ధకం గురించి డైరీలో రాసుకున్నారు. ఆశ అంటే ఎప్పుడూ ఉత్సాహంగా ఉండటమని మనం అనుకుంటాం. కేరీ డైరీ చదివితే అలా అనిపించదు. మనసు బాగున్న రోజూ, బాగాలేని రోజూ చేసే పని ఒక్కటే. ఇవాళ్టి అధ్యాయం ఇవాళ అనువదించడం. పైకి ఫలితం సున్నా అనిపించిన ఆ ఏడేళ్లలోనే ఆయనకు బెంగాలీ పట్టుబడింది. కొత్త నిబంధన చిత్తుప్రతి సిద్ధమైంది. ఒక చెక్క ముద్రణాయంత్రం కూడా చేతికొచ్చింది.

1800 జనవరిలో కేరీ శ్రీరాంపూర్ చేరారు. కలకత్తాకు దగ్గర్లో హుగ్లీ ఒడ్డున ఉన్న ఆ ఊరు అప్పుడు డెన్మార్క్ ఏలుబడిలో ఉండేది. అక్కడ కంపెనీ పెత్తనం లేదు. అచ్చుపని తెలిసిన విలియం వార్డ్, బడి నడపడంలో దిట్ట జాషువా మార్ష్‌మన్, ఆయన భార్య హన్నా ఇంగ్లండ్ నుంచి వచ్చి కలిశారు. ఒంటరి మనిషి కాస్తా ఒక జట్టుగా మారారు. ఆ ఏడాది డిసెంబరు 28న కృష్ణపాల్ అనే వడ్రంగి బాప్తిస్మం తీసుకున్నాడు. ఏడేళ్లలో ఆయనే మొదటివాడు. 1801లో బెంగాలీ కొత్త నిబంధన అచ్చయి వచ్చింది. మదనాబతి రోజుల చిత్తుప్రతి లేకపోతే అంత త్వరగా వచ్చేదా?

జీతం పెరిగినా తీరు మారలేదు

ఆ పుస్తకమే ఆయనకు ఉద్యోగం తెచ్చింది. కంపెనీ యువ అధికారులకు దేశభాషలు నేర్పేందుకు కలకత్తాలో ఫోర్ట్ విలియం కాలేజీ పెట్టారు. బెంగాలీ చెప్పేవాళ్లు కావాలి. కాలేజీ మెట్లెక్కని కేరీని 1801లో పిలిచి నెలకు 500 రూపాయల జీతంతో ఉద్యోగమిచ్చారు. తర్వాత సంస్కృతం, మరాఠీ కూడా చెప్పారు. అప్పుడు ఆ కాలేజీకి పెద్ద డేవిడ్ బ్రౌన్. మన వేమన పద్యాల్ని వెతికి అచ్చు వేయించిన సి.పి. బ్రౌన్‌కు స్వయానా తండ్రి.

500 అంటే ఆ రోజుల్లో పెద్ద మొత్తం. కేరీ ఇంటి ఖర్చుకూ, కాలేజీకి వేసుకెళ్లే బట్టలకూ కొంచెం ఉంచుకుని మిగతాది శ్రీరాంపూర్ ఉమ్మడి నిధిలో వేసేశారు. డబ్బు లేనప్పుడు లక్ష్యం గుర్తుండటం ఒక ఎత్తు. డబ్బొచ్చాక గుర్తుండటం ఇంకో ఎత్తు. మొదటి జీతం అందుకోబోతున్నవాళ్లు ఈ మాట ఒకసారి మనసులో వేసుకోండి.

1806 జూన్‌లో ఒక రోజు

కేరీ రోజు ఎలా గడిచేదో మనకు బాగా తెలుసు. ఎందుకంటే ఇంగ్లండ్‌లోని మిత్రుడికి ఉత్తరం రాస్తూ ఒక రోజు మొత్తం లెక్క అప్పజెప్పారు.

పావు తక్కువ ఆరుకు లేచారు. హీబ్రూ బైబిల్లో ఒక అధ్యాయం చదివి ప్రార్థన చేసుకున్నారు. ఏడింటికి పనివాళ్లతో కలిసి బెంగాలీలో ప్రార్థన. టీ వచ్చేలోపు మున్షీ దగ్గర కాసేపు పారసీ చదివారు. టిఫినయ్యాక పండితుడితో కూర్చుని సంస్కృతం నుంచి రామాయణం అనువాదం. పదింటికి కాలేజీ, మధ్యాహ్నం దాకా పాఠాలు. ఇంటికొచ్చి బెంగాలీ యిర్మీయా గ్రంథం ప్రూఫు దిద్దారు. భోజనం. ఆ తర్వాత కాలేజీ ప్రధాన పండితుడి సాయంతో మత్తయి సువార్తలో ఒక అధ్యాయం సంస్కృతంలోకి.

ఇక సాయంత్రం ఆరు. అప్పుడు వచ్చారు తెలుగు పండితులు. కేరీ ఆయన ముందు కూర్చుని తెలుగు నేర్చుకున్నారు! 44 ఏళ్ల వయసు, పొద్దున్నుంచీ ఐదారు భాషలతో కుస్తీ... అయినా కొత్త భాషకు అక్షరాభ్యాసం.

ఏడింటికి ప్రసంగం సిద్ధం చేసుకుని ఏడున్నరకు ఇంగ్లిష్‌లో బోధించారు. తొమ్మిదింటికి జనం వెళ్లాక యెహెజ్కేలు గ్రంథంలో ఒక అధ్యాయం బెంగాలీలోకి. అది ముగిసేసరికి పదకొండు కావొచ్చింది. అప్పుడు ఈ ఉత్తరం. చివరగా గ్రీకులో ఒక అధ్యాయం చదువుకుని నిద్ర.

ఈ దినచర్యను అచ్చంగా పాటించమని చెప్పట్లేదు. పాటిస్తే వారానికే జ్వరం వస్తుంది! ఇందులో గమనించాల్సింది వేరే ఉంది. ఆ రోజు కూడా మనుషులు వచ్చారు, పోయారు. ఉద్యోగం దాదాపు నాలుగు గంటలు తినేసింది. పెద్ద ఖాళీ సమయం ఎక్కడా లేదు. కానీ ప్రతి ముక్క సమయానికీ ఒక పని ముందే పేరు రాసి పెట్టుకుంది. మధ్యలో ఎవరైనా వచ్చి వెళ్లాక, ఇప్పుడేం చేద్దామని ఆలోచించాల్సిన పని లేదు. ఏకాగ్రత అంటే ఎవరూ పలకరించని గది దొరకడమని మనం ఎదురుచూస్తుంటాం. కేరీకి ఆ గది ఎన్నడూ దొరకలేదు. తిరిగొచ్చి కూర్చునే చోటు మాత్రం సిద్ధంగా ఉంచుకున్నారు.

కాలిపోయిన తెలుగు వ్యాకరణం

ఆరింటి పాఠాలు ఊరికే పోలేదు. కేరీ తెలుగు వ్యాకరణం రాయడం మొదలెట్టారు. ఇంతలో 1812 మార్చి 11 సాయంత్రం శ్రీరాంపూర్ ముద్రణాలయానికి నిప్పంటుకుంది. కేరీ కలకత్తాలో ఉన్నారు. మర్నాడు మార్ష్‌మన్ వచ్చి చెబితే గానీ తెలియలేదు. కాగితం గుట్టలు, ఎన్నో భాషల సీసపు అక్షరాలు, అనువాదాలు, ఏళ్లుగా కూర్చుతున్న బహుభాషా నిఘంటువు... అన్నీ బూడిద. వాటిలో తెలుగు వ్యాకరణం రాతప్రతి కూడా ఉంది.

ఇప్పట్లా క్లౌడ్‌లో దాచిన ఫైల్ లేదు, ఇంకో కాపీ లేదు. హార్డ్‌డిస్క్ పాడై ప్రాజెక్టు రిపోర్టు పోతేనే మనకు అన్నం సహించదు. ఆయనకు పోయింది ఏళ్ల తరబడి కష్టం.

శిథిలాల్లో వెతికితే అక్షరాలు పోతపోసే అచ్చులు మాత్రం పాడవకుండా దొరికాయి. ముద్రణాయంత్రాలూ మిగిలాయి. వార్డ్ మనుషుల్ని పెట్టి కరిగిన లోహంతోనే మళ్లీ అక్షరాలు పోయించారు. సంగతి తెలిసి బ్రిటన్‌లో చందాలు వెల్లువెత్తాయి, నష్టం పూడేంతగా. కానీ డబ్బు రాతప్రతిని తిరిగి రాయదు కదా. ఆ పని కేరీయే చేయాలి. ఒకసారి నడిచిన దారే కాబట్టి రెండోసారి ఇంకాస్త బాగా నడవొచ్చని తనకు తాను సర్దిచెప్పుకుని మొదటి పేజీ నుంచి మొదలెట్టారు. 1814లో తెలుగు వ్యాకరణం అచ్చయింది. ఇంగ్లిష్‌లో వెలువడిన తొలినాటి తెలుగు వ్యాకరణాల్లో అదొకటి. 1818లో శ్రీరాంపూర్ నుంచి తెలుగు కొత్త నిబంధన కూడా వచ్చింది.

రెండోసారి రాయడమంటే ఏంటో మీకు చెప్పక్కర్లేదు. రద్దయిన పరీక్షకు మళ్లీ చదివినవాళ్లకు బాగా తెలుసు.

ఇంటి లెక్క కూడా చూడాలి

కేరీని దేవుణ్ని చేసి చెప్పుకుంటే మనకు నష్టం. ఆయన పట్టుదలకు ఇంట్లోవాళ్లు కట్టిన మూల్యం ఎక్కువ. డొరోతీ ఇష్టపడి వచ్చిన మనిషి కాదు. పరాయి నేల మీద బిడ్డను పోగొట్టుకుని మనసు చెదిరి పోయింది. పిల్లల్ని పట్టించుకునే తీరిక తండ్రికి లేకపోతే హన్నా మార్ష్‌మన్, వార్డ్ దగ్గరకు తీసి దారిలో పెట్టారు. అనువాదాల్లోనూ లోపాలున్నాయి. అన్ని భాషలు ఒకేసారి చేపట్టడంతో చాలావాటిని తర్వాతివాళ్లు మళ్లీ చేయాల్సొచ్చింది.

కాబట్టి ఏకాగ్రత పేరుతో ఇంట్లో జ్వరంతో ఉన్న అమ్మను పక్కన పెట్టకండి. అన్నీ పరధ్యానాలు కావు. కొన్ని బాధ్యతలు. రెండింటికీ తేడా తెలుసుకోవడం కూడా పిలుపులో భాగమే. కేరీకి ఒక ఆదివారం ఇలాంటి పరీక్షే వచ్చింది. 1829లో సతీసహగమనాన్ని నిషేధిస్తూ గవర్నర్ జనరల్ బెంటింక్ చట్టం చేశారు. బెంగాలీలోకి మార్చమని అది కేరీ చేతికి వచ్చింది. ఆ రోజు చర్చిలో ప్రసంగం చేయాలి. ఆయన ప్రసంగం వేరేవాళ్లకు అప్పగించి పండితుడితో కూర్చుని సాయంత్రానికల్లా అనువాదం ముగించారు. ఒక్క పూట ఆలస్యమైనా ఎక్కడో ఒక ఆడకూతురు చితి ఎక్కుతుందని ఆయనకు తెలుసు.

విశ్రాంతి సంగతీ మర్చిపోలేదు. మొక్కలంటే ప్రాణం. ఇంటి పక్కన పెద్ద తోట పెంచారు. పొద్దున్నే అక్కడే తిరుగుతూ ప్రార్థన చేసుకునేవారు. మన సామర్లకోటలో ఏళ్ల తరబడి పనిచేసిన వృక్షశాస్త్రవేత్త విలియం రాక్స్‌బర్గ్ ఆయనకు మిత్రుడు. రాక్స్‌బర్గ్ పోయాక ఆయన రాతప్రతిని అచ్చుకు సిద్ధం చేసింది కేరీయే. 1820లో వ్యవసాయ, తోటల సంఘం కూడా పెట్టారు. ఫోన్ చూస్తే అలసట తీరుతోందా, పెరుగుతోందా? తోట నుంచి వచ్చాక కేరీ నేరుగా బల్ల దగ్గరకు వెళ్లగలిగేవారు. ఏది విశ్రాంతో తేల్చుకోవడానికి ఇంతకంటే మంచి కొలత ఉండదు.

చివరిదాకా అదే బల్ల

ముసలితనంలోనూ సుఖం లేదు. 1823లో కిందపడి కాలికి గట్టి దెబ్బ తగిలింది, ఆ ఏడాదే వరద వచ్చి ఇంటినీ తోటనూ ముంచింది. మంచం దిగాక మళ్లీ మొక్కలు నాటించారు. అనువాదం చేశారు. బెంగాలీ కొత్త నిబంధనను దిద్దుతూనే ఉన్నారు. 1834 జూన్ 9న శ్రీరాంపూర్‌లో, 72 ఏళ్ల వయసులో కన్నుమూశారు. 1793లో వచ్చిన మనిషి ఒక్కసారి కూడా ఇంగ్లండ్ తిరిగి వెళ్లలేదు.

ఆయన, మిత్రులు 1818లో పెట్టిన శ్రీరాంపూర్ కాలేజీకి 1827లో డెన్మార్క్ రాజు డిగ్రీలిచ్చే అధికారం ఇచ్చారు. హైదరాబాద్‌లో వేదాంతవిద్య చదివే విద్యార్థులు ఇప్పటికీ శ్రీరాంపూర్ పేరుతోనే పట్టా అందుకుంటున్నారు. బూట్లు కుట్టే బల్ల మీద చదువుకున్న మనిషి వదిలిపోయిన ఆస్తి అది!

తనకు తెలివితేటలున్నాయని కేరీ ఎన్నడూ చెప్పుకోలేదు. తమ్ముడి కొడుకుతో మాట్లాడుతూ తన గురించి ఎవరైనా రాస్తే పట్టువదలకుండా అడుగులో అడుగేసే మనిషని రాస్తే చాలని, అంతకు మించి రాస్తే ఎక్కువే అని అన్నారట. అందుకే ఇవాళ ఇంతకంటే పెద్ద మాటలు వాడట్లేదు.

ఇప్పుడు మీ సంగతి. రేపు కూడా ఫోన్ మోగుతుంది. గ్రూపులో పుకారు వస్తుంది. బాబాయి మళ్లీ అడుగుతారు. వాటిని ఆపడం మీ చేతుల్లో లేదు. ఈ రాత్రి పడుకునే ముందు ఒక కాగితం తీసుకుని రేపటి రోజులో మీకు మిగిలే సమయపు ముక్కలు రాయండి. బస్సులో ఇరవై నిమిషాలు, భోజనం తర్వాత ముప్పావు గంట, రాత్రి ఒక గంట. ఒక్కోదాని ఎదురుగా ఒక్క పని పేరు రాయండి. అధ్యాయం పేరు, పేజీ నంబరుతో సహా. ఒకటి తప్పిపోతే దాని గురించి బాధపడుతూ రెండోది కూడా పోగొట్టుకోకండి. రెండోదాని దగ్గరకు వెళ్లిపోండి.

సాయంత్రం ఆరింటికి ఎదురుగా ఏం రాస్తారు?